విస్లర్ నుంచి వాసుకు: మంచు కరిగాక కొండ ఎలా బతుకుతుంది

విస్లర్, బ్రిటిష్ కొలంబియా, కెనడా
ఆగస్టు, ఆదివారం రాత్రి

ప్రియమైన వాసూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. క్రాంక్‌వర్క్స్ సైకిలు పండుగ జరిగినన్నాళ్ళూ నేను లెక్కలు రాసే హోటల్లో ఒక్క గది ఖాళీ లేదు. రాత్రి లెక్కలు ముగించి గదికి చేరేసరికి కలం పట్టే ఓపిక ఉండేది కాదు. ఇంటి సంగతులు త్వరగా చెప్పేస్తాను: అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది, చెల్లి పెళ్ళి మాటలు మాఘమాసానికి వాయిదా పడ్డాయి, నా పర్మిట్ పొడిగింపు కాగితాలు వచ్చాయి. మిగిలినవన్నీ ఫోనులో మాట్లాడుకుందాం. ఈ ఉత్తరంలో నీకు చెప్పవలసినది ఒకటే ఉంది, అది చెప్పేదాకా నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

"మంచు కరిగిపోయాక మీ కొండకు తాళం వేసేస్తారా?" అని అడిగావు కదా. తాళం వెయ్యరు. శీతాకాలంలో స్కీయింగ్ (కాళ్ళకు పలకలు కట్టుకుని మంచు మీద జారే ఆట) వాళ్ళను కేబులుకు వేలాడే కుర్చీల్లో కొండపైకి మోసే లిఫ్టులు ఉంటాయి. మే నెల మధ్య నుంచి అక్టోబరు దాకా అవే లిఫ్టులకు సైకిళ్ళు తగిలించి మనుషుల్ని పైకి పంపుతారు, వాళ్ళు అడవిలో వేసి ఉన్న మట్టిదారుల మీదుగా కిందికి దిగి మళ్ళీ లిఫ్టు ఎక్కుతారు. తొక్కి పైకి వెళ్ళే పని లేదు, దిగడమే ఆట. విస్లర్ కొండ మీద స్కీయింగ్ 1966లో మొదలైతే, ఈ సైకిలు పార్కు 1999లో మొదలైంది. ఈ సంగతి నాకు ఇక్కడికి వచ్చిన కొత్తలోనే తెలిసినా, దాని వెనక ఉన్న లెక్క మాత్రం మొన్న ఒక తెల్లవారుజామున తెలిసింది. మా హోటల్ వంటింట్లో పనిచేసే అమ్మాయి అన్నగారు పార్కులో దారులు వేసే బృందంలో ఉన్నాడు. లిఫ్టు తెరవకముందే వాళ్ళ ట్రక్కులో నన్ను పైకి తీసుకువెళ్ళాడు.

దారిలో ఆయన మొట్టమొదట చూపించింది సైకిలు దారిని కాదు, ఆగి ఉన్న లిఫ్టును. "ఇది తిరిగినా తిరగకపోయినా దీనికి డబ్బు పడుతూనే ఉంటుంది" అన్నాడు. ఆ మాట వినగానే నాకు తెనాలిలో మీ బాబాయి గారి కల్యాణమండపం కళ్ళ ముందు నిలిచింది. మూఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళు ఉండవు, అయినా వాచ్‌మన్ జీతం, కరెంటు మీటరు కనీస ఛార్జీ, బ్యాంకు వాయిదా ఏవీ ఆగవు కదా. అందుకే ఆయన ఆ నెలల్లో హాలును చీరల ఎగ్జిబిషన్‌కు ఇచ్చేవారు. పెళ్ళికి వచ్చే అద్దెలో ఆ అద్దె ఎంతో నువ్వే చిట్టా రాశావు కనుక నీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడ కూడా వ్యవహారం సరిగ్గా అదే. లిఫ్టు కొనుగోలు, స్తంభాలు, కేబులు, కింద పార్కింగు, పైన భోజనశాల, అన్నిటికీ పెట్టుబడి శీతాకాలం పేరు మీద ఎప్పుడో పెట్టేశారు. వేసవిలో సైకిలు పార్కు ఆ పెట్టుబడి మొత్తాన్ని మోయవలసిన అవసరం లేదు. లిఫ్టును ఆ నెలల్లో నడిపినందుకు అదనంగా అయ్యే కరెంటు, జీతాలు, దారుల నిర్వహణ, గస్తీ, బీమా, వీటికి మించి ఎంత వచ్చినా అది లాభమే.

అలాగని ఆదాయం స్కీయింగ్‌తో సమానమని అనుకోకు. వేసవి సైకిలు టికెట్టు ధర, శీతాకాలంలో కౌంటరు దగ్గర కొనే స్కీ టికెట్టు ధరలో సగం కూడా ఉండదు. పైగా స్కీలు కాళ్ళకే ఉంటాయి, సైకిలు అలా కాదు. దానికి వేరే చోటు కావాలి. లిఫ్టు కుర్చీల్లో కొన్నింటికి సైకిళ్ళు తగిలించే కొక్కేలు బిగిస్తారు, మనుషులు వేరే కుర్చీల్లో కూర్చుంటారు. అంటే గంటకు లిఫ్టు మోయగలిగే మనుషుల సంఖ్య అక్కడే పడిపోతుంది. ఒక్కో సైకిలునూ ఎత్తి తగిలించడానికి కింద మనుషులు ఉండాలి, దించడానికి పైన మనుషులు ఉండాలి. ఊరి నడుమ నుంచి బయలుదేరే ఫిట్జ్‌సిమ్మన్స్ లిఫ్టులో నలుగురు కూర్చునే కుర్చీల్ని తీసేసి 2023-24 శీతాకాలానికల్లా ఎనిమిది మంది కూర్చునేవి పెట్టారు. స్కీయింగ్ వాళ్ళకూ సైకిళ్ళ వాళ్ళకూ ఆ లిఫ్టే మొదటి మెట్టు. ఒకే ఖర్చు రెండు రుతువులకు పనికివస్తే ఎంత పెద్ద మొత్తమైనా పెట్టడానికి సంస్థకు ధైర్యం వస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను, నన్ను ఇన్ని రోజులుగా కుదురుగా ఉండనివ్వనిది ఇదే. మట్టి. మంచు ఆకాశం నుంచి పడుతుంది. పగలంతా వేలమంది దాన్ని చీల్చి చెండాడినా, రాత్రి యంత్రాలు తిరిగి సాపు చేస్తాయి, మర్నాడు మళ్ళీ కొత్త మంచు పడితే నిన్నటి గాయమే కనిపించదు. మట్టి మాత్రం ఒకసారి జారి కిందికి పోతే మనిషి మోసుకొచ్చి పోస్తే తప్ప తిరిగి రాదు. ఆ తెల్లవారుజామున ఏ-లైన్ అనే దారిలో ఒక మలుపు దగ్గర నేను నిలబడి చూశాను. సైకిళ్ళు వేగంతో బయటికి విసురుకుపోకుండా అక్కడ మట్టిని ఏటవాలుగా గట్టులా పేర్చి దిమ్మిసతో కొట్టారు, దాన్ని వాళ్ళు బెర్మ్ అంటారు. ఆ మలుపుకు ముందు ప్రతివాడూ ఒకే చోట బ్రేకు నొక్కుతాడు కనుక అక్కడ నేల అలలు అలలుగా గుంతలు పడుతుంది. వాన లేకపోతే పైమట్టి పొడిగా మారి దుమ్మై లేచిపోతుంది, వాన ఎక్కువైతే కాలువలు కోసుకుపోతుంది. తడి సరిగ్గా ఉన్నప్పుడే మట్టి అతుక్కుంటుంది. అందుకని వాళ్ళు చీకటి ఉండగానే వచ్చి, నీళ్ళు చల్లి, పారలతో గుంతలు పూడ్చి, గట్టును మళ్ళీ కొట్టి, మొదటి కుర్చీ కదిలే వేళకు పక్కకు తప్పుకుంటారు. సాయంత్రానికి అదంతా మళ్ళీ తవ్వినట్టు అవుతుంది. ఆ పారపని చూస్తూ ఉంటే నాకు గౌరవంతో మాట రాలేదు, వాసూ. ఆదాయ వ్యయాల పట్టికలో ఈ పని "నిర్వహణ" అనే ఒకే ఒక్క వరుసగా కనిపిస్తుంది. కానీ ఈ వ్యాపారం ప్రాణమంతా ఆ వరుసలోనే ఉంది.

అదే దారిని గురించి మరో ముచ్చట. అది ఎక్స్‌కవేటరుతో వేసిన దారి, పేరుకు గెంతులతో నిండినది. కానీ ఆ గెంతులన్నీ పైభాగం చదునుగా ఉండే దిబ్బలు. ఎగిరి అవతలి వాలు మీద దిగగలిగినవాడు ఎగురుతాడు, ఎగరలేనివాడు దిబ్బ మీదుగా మెల్లగా దొర్లించుకుంటూ పోతాడు. మధ్యలో గొయ్యి వదిలి కట్టి ఉంటే నిపుణులు మాత్రమే వచ్చేవారు, నిపుణుల సంఖ్యతో లిఫ్టు ఖర్చు గిట్టదు. స్కీ దారులకు ఉన్నట్టే ఇక్కడా తేలిక నుంచి కష్టం దాకా వరసగా ఆకుపచ్చ, నీలం, నలుపు గుర్తులు ఉంటాయి. కొత్తవాళ్ళకోసం సున్నితంగా వంపులు తిరుగుతూ దిగే ఆకుపచ్చ దారి ఒకటి ఉంది. నన్ను అడిగితే ఈ పార్కును నిలబెట్టేది ఆ ఆకుపచ్చ దారే. ఎందుకంటే మొదటిసారి వచ్చినవాడికి సొంత సైకిలు ఉండదు, ముఖమంతా కప్పే హెల్మెట్ ఉండదు, మోకాలి కవచాలు ఉండవు. అతడు అన్నీ అద్దెకు తీసుకుంటాడు, పాఠం చెప్పే శిక్షకుణ్ణి కూడా పెట్టుకుంటాడు. ఊళ్ళో ఉండే ఆరితేరినవాడు సీజను పాసు కొనుక్కుని సొంత సైకిలుతో రోజంతా దిగుతూ, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె తిని వెళ్ళిపోతాడు. దారుల్ని ఎక్కువగా అరగదీసేది అతడే, అయినా అతడు లేకపోతే పార్కుకు పేరు రాదు, ఆ పేరు లేకపోతే కొత్తవాడు రాడు. ఈ ముడిని నేను ఇంకా విప్పుతూనే ఉన్నాను, నీ బుర్రకు ఏమైనా తడితే రాయి.

అద్దె సైకిళ్ళ లెక్క కూడా నీకు నచ్చుతుంది. ఒక్కోటి కొన్ని వేల డాలర్లు, ముందూ వెనకా సుమారు 200 మిల్లీమీటర్ల దాకా కుదుపును మింగే స్ప్రింగులు ఉంటాయి. రోజూ కొండ దిగి దిగి బ్రేకు ప్యాడ్లు, టైర్లు, బేరింగులు అరిగిపోతూనే ఉంటాయి. తరుగుదల అంత వేగంగా ఉంటుంది కనుకనే సీజను చివర వాటిని తగ్గింపు ధరకు అమ్మేసి వచ్చే ఏడాదికి కొత్తవి తెచ్చుకునే పద్ధతి ఈ వ్యాపారంలో మామూలు.

ఇప్పుడు నా బల్ల దగ్గర కనిపించేది చెబుతాను. టికెట్టు కౌంటరులో పడే డబ్బు ఈ కథలో చిన్న భాగం. నలుగురున్న కుటుంబంలో ఇద్దరు సైకిళ్ళు తీసుకుంటే, మిగిలిన ఇద్దరూ రెండు కొండల మధ్య 4.4 కిలోమీటర్లు గాలిలో సాగే పీక్ టు పీక్ గోండోలా (కేబులుకు వేలాడుతూ నడిచే గది) ఎక్కుతారు, అందరూ కలిసి రాత్రి భోజనం చేస్తారు, మా దగ్గర గది తీసుకుంటారు. ఒకప్పుడు స్కీ ఊళ్ళకు వేసవి అంటే తెరలు దించుకునే కాలం. ఇప్పుడు విస్లర్‌కు వేసవిలోనూ జనం శీతాకాలానికి తీసిపోకుండా వస్తున్నారు, గది ధర మాత్రం ఇంకా శీతాకాలంలోనే ఎక్కువ. అమెరికాకు చెందిన వేల్ రిసార్ట్స్ అనే స్కీ సంస్థ 2016లో ఈ కొండల్ని సుమారు 140 కోట్ల కెనడా డాలర్లకు కొన్నది. ఆ కొనుగోలుకు ఉన్న కారణాల్లో పన్నెండు నెలలూ జనం తిరిగే ఊరు ఇది అన్నది కూడా ఒకటని నేను గట్టిగా నమ్ముతున్నాను. పనివాళ్ళ సంగతి కూడా ఇందులోనే ఉంది. ఏప్రిల్లో అందర్నీ పంపేసి నవంబరులో కొత్తవాళ్ళను వెతికి నేర్పించడం కంటే, లిఫ్టు మెకానిక్కుకూ గస్తీ మనిషికీ ఏడాది పొడుగునా జీతం ఇవ్వగలిగితే అనుభవం ఊళ్ళోనే నిలుస్తుంది.

ఇక్కడే నా మనసు కాస్త బరువెక్కుతుంది. మంచు తగ్గిపోతున్న చిన్న కొండలన్నీ "మేమూ సైకిలు పార్కు పెడతాం" అంటున్నాయి. అమెరికాలో జాతీయ అటవీ భూముల మీద ఉన్న స్కీ కొండలకు వేసవి వినోదాల విషయంలో చట్టం స్పష్టంగా ఉండేది కాదు. 2011లో చట్టాన్ని సవరించి సైకిలు దారుల వంటివాటికి అనుమతి ఇచ్చారు, గోల్ఫ్ మైదానాలు, ఈతకొలనులు, అమ్యూజ్‌మెంట్ పార్కులు మాత్రం కూడదన్నారు. అనుమతి వచ్చినంత మాత్రాన లెక్క కుదరదు. పెద్ద నగరం నుంచి కొద్ది గంటల దూరంలో ఉండాలి, వాలు చాలినంత పొడుగు ఉండాలి, మట్టి నిలిచే రకం కావాలి, కింద గదులూ భోజనమూ ఉండాలి. ఇవి లేని కొండ మీద సైకిళ్ళు లిఫ్టు కరెంటు బిల్లును కూడా కట్టలేవు. శీతాకాలం మోసుకొస్తున్న స్థిర వ్యయాన్ని శీతాకాలమే లేని రోజున ఎవరు మోస్తారన్నది నన్ను వేధించే ప్రశ్న. ఫ్రాన్స్‌లో జురా పర్వతాల్లో మెతాబియెఫ్ అనే చోట 1993లో మౌంటెన్ సైకిలు ప్రపంచ పోటీలు జరిగాయి. అంత పేరున్న ఆ కొండ కూడా రాబోయే దశాబ్దంలో లిఫ్టు స్కీయింగ్ నుంచి తప్పుకోవడానికి ఇప్పటినుంచే సిద్ధమవుతోంది, అక్కడివాళ్ళు ఒక్క సైకిళ్ళనే నమ్ముకోకుండా రకరకాల దారులు వెతుకుతున్నారు.

అయితే ఒక కొండ మాత్రం నాకు ఆశ కలిగిస్తుంది. న్యూ హాంప్‌షైర్‌లో హైలాండ్ అనే స్కీ కొండ 1990ల్లో మూతపడింది. 2006లో దాన్ని స్కీయింగ్ లేకుండా, కేవలం సైకిళ్ళకోసం లిఫ్టు నడిపే పార్కుగా తెరిచారు. ఈనాటికీ నడుస్తోంది. బోస్టన్ వాసులు పొద్దున బయలుదేరి వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరగలిగే దూరంలో ఉండటం దానికి పెద్ద బలం. మూతపడిన కొండను ఎవరో మళ్ళీ నమ్మారన్న సంగతి తలచుకుంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

వేసవి కూడా భద్రమైన కాలం కాదు, అది నీకు తప్పక చెప్పాలి. 2021 జూన్‌లో మా రాష్ట్రంలోని లిటన్ ఊరిలో 49.6 డిగ్రీల ఎండ కాసింది, 2023లో బ్రిటిష్ కొలంబియా చరిత్రలోనే ఎక్కువ అడవి కాలింది. పొగ కమ్మితే గదుల రద్దులు వరసగా వస్తాయి, నేను నా బల్ల దగ్గర కూర్చుని చూస్తూ ఉండటం తప్ప చేయగలిగింది ఉండదు. మంచు లేని శీతాకాలానికి విరుగుడుగా వేసవిని పెంచుకుంటే, ఆ వేసవికి పొగ వచ్చింది. ఇంకొక చిక్కు ఏమిటంటే, లిఫ్టుల్ని విప్పి, కేబులు పరీక్షించి, అరిగిన భాగాలు మార్చే కాలం పూర్వం వేసవే. ఇప్పుడు వేసవి అంతా లిఫ్టు తిరుగుతూనే ఉంటుంది కనుక ఆ మరమ్మతుల్ని వసంతంలో, శరత్తు చివర ఉన్న కొద్ది వారాల్లోకి కుదించాల్సి వస్తోంది. అదనంగా తిరిగిన గంటల అరుగుదలను వేసవి ఖాతాలో రాయాలా, శీతాకాలం ఖాతాలో రాయాలా అని ఆ అన్నగారిని అడిగాను. ఆయన పార భుజాన వేసుకుని నవ్వి ఊరుకున్నాడు. నువ్వయితే ఎలా రాస్తావు? మీ బాబాయి గారి జనరేటరు డీజిలును ఎగ్జిబిషన్ ఖాతాలో వేసినప్పుడు జరిగిన రభస గుర్తుంచుకుని మరీ జవాబు చెప్పు.

బీమా సంగతి, ప్రమాదం జరిగితే దావా వెయ్యనని ముందే సంతకం చేయించుకునే కాగితం సంగతి పూర్తిగా మిగిలిపోయాయి, వాటికి ఇంకో ఉత్తరం పడుతుంది. కింద ముందు గది నుంచి పిలుస్తున్నారు, రాత్రి బస్సు దిగినవాళ్ళు సైకిళ్ళు పెట్టుకోవడానికి చోటు అడుగుతున్నారట. పిన్నిగారికి నమస్కారాలు చెప్పు, ఆ అరుగుదల లెక్క మాత్రం తప్పకుండా రాయి.

నీ
రఘు