బొరియలో చేప

అనంతపురం

ఒరే మామా,

ఇంత ఆలస్యంగా రాస్తాన్నందుకు కోప్పడొద్దు. శెనక్కాయ పీకేసినాం, చిన్నోడికి జ్వరం తగ్గింది, అందరం బాగున్నాం. అవన్నీ మళ్ళా రాస్తా. ముందు ఒక చేప సంగతి చెప్పాల, రెండు రోజుల నుంచి కడుపులో ఆగడం లేదు.

బుక్కరాయసముద్రం చెరువు ఎండినప్పుడు బురదలో చెయ్యి పెట్టి కొరమీను లాగినాం కదా? అదే, "చెప్పు దొరికింది" అని నువ్వు అరిచిన రోజు! ఇదీ బొరియ చేపే, కానీ సముద్రంలో. అమెరికా తూర్పు తీరానికి అవతల, సముద్రం నేల లోతుకు జారిపోయే అంచున, 100, 200 మీటర్ల కింద. టైల్‌ఫిష్ అంటారు. ఆ రంగులేంది రా! వీపంతా నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుపు, దానిమీద పసుపు చల్లినట్టు చుక్కలు, మెడమీద కోడిపుంజు జుట్టు మాదిరి ఒక కండ రెక్క. బంకమట్టిలో గరాటు లాంటి గుంత తవ్వుకుంటాది. కొన్నైతే నాలుగైదు మీటర్ల వెడల్పు, అంటే మీ తోట బావి అంత! లోపలికి తల పెట్టి దూరి, తోక ముందు పెట్టి బయటికొస్తాది. ఆ గోడల్లోనే పీతలు చిన్న చిన్న బొక్కలు చేసుకుని కాపురముంటాయి.

1879లో కాడ్ చేపల కోసం గాలాలేసిన ఓడవాళ్ళకి ఇది మొదటిసారి చిక్కింది. గుడ్, బీన్ అనే శాస్త్రవేత్తలు అదే ఏడు పేరు పెట్టినారు. మూడేండ్లు నిండలేదు. 1882 మార్చిలో అటు పోయిన ఓడలకి నీళ్ళమీద చచ్చిన చేపలే, వేల చదరపు మైళ్ళు. నూరు కోట్లకు మించి ఉంటాయని అప్పటి అంచనా. ఇవి 9 నుంచి 14 డిగ్రీల నీళ్ళలోనే బతుకుతాయి. ఆ వెచ్చటి పట్టీలోకి చలినీళ్ళు ఉన్నట్టుండి వచ్చిపడినాయంట.

ఇది అవ్వకి చెప్తాంటే చిక్కుడుకాయ ఈనె తీస్తా తీస్తా చెయ్యి ఆపేసింది. "మళ్ళా వచ్చినాయా నాయనా?"

వచ్చినాయి రా! 1892లో మళ్ళా గాలానికి తగిలినాయి.

"పదేండ్లు," అనింది. కొంచేపు ఉండి మళ్ళా, "పదేండ్లు." ఏ కరువు తలుచుకుందో నీకు తెలుసు. అప్పుడు మీ నాయన ఆ బండి... వద్దులే, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

ఇంకోటి, 1915లో అక్కడి సర్కారే ఈ చేపని తినండని జనానికి... అయ్యో, బస్సు వచ్చేసింది. తమ్ముడు సంచి పట్టుకుని నిలబడినాడు, వాని చేతికే ఇస్తాన్నా.

నీ మామ