అట్టలూ ప్రకటనలూ లేని స్కానింగ్ ఎందుకు?

అయ్యా,

పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించాలన్న మాట గ్రంథాలయాల్లో ఈమధ్య తరచూ వినబడుతోంది. సంతోషమే. కానీ ఆ పనికి పిలిచే టెండర్లలో ఒక షరతు తప్పనిసరిగా ఉండాలి. ముందు అట్ట నుంచి వెనక అట్ట దాకా, ప్రకటనలతో సహా, ప్రతి పేజీనీ రంగుల్లో తీయాలి. ‘మ్యాటర్’ ఉన్న పేజీలు చాలు అనుకుంటే ఖర్చంతా వృథా.

ఈ జబ్బు స్కానర్లతో మొదలైంది కాదు. ఏడాది సంచికలన్నీ కలిపి బైండు చేసేటప్పుడే అట్టలు ఊడదీసేవారు. ప్రకటనలు తరచుగా ముందూ వెనకా విడి ఫారాలుగా (కలిపి మడిచిన పేజీల కట్టలుగా) ఉండేవి కాబట్టి అవీ చెత్తబుట్టలోకే. ఆపైన కటింగ్ మిషను మూడు పక్కలా అంచులు కోసేది. ముద్రాపకుడి పేరు, ఊరు వేయాలని 1867 నాటి ప్రెస్ చట్టం చెప్పింది; ఆ పంక్తి తరచుగా చివరి పేజీ అడుగున ఉండేది. సరిగ్గా ఆ పంక్తే కోతలో పోతుంది. పక్కకుట్టు వేస్తే లోపలి అంచులో మరో సెంటీమీటరు మాయం.

పోయినవి ఉత్త ప్రకటనలే కదా అనేవాళ్లున్నారు. 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా పెట్టింది అమృతాంజనం యజమాని. 1928లో మద్రాసులో ‘గృహలక్ష్మి’ని తెచ్చింది లోధ్ర అనే మందు తయారుచేసిన డాక్టరు కేసరి. మందు డబ్బుతో పత్రిక నడిచింది, పత్రికతో మందు అమ్ముడుపోయింది. నాటక సమాజం ఏ ఊళ్లో ఏ తేదీన ఆడింది, గ్రామఫోను ప్లేటు ఖరీదెంత, ఏ హాల్లో టిక్కెట్టు ఎన్ని అణాలు... ఇవన్నీ సంపాదకీయాల్లో దొరకవు, ప్రకటనల్లో దొరుకుతాయి.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ సంగతే చూడండి. 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు రాసుకున్నాం. 1932 జనవరి 22న సెన్సారై, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైందని తేలింది ఆనాటి పత్రికలూ రికార్డులూ తిరగేశాకే. చూద్దామంటే సినిమా ప్రింటు లేదు. ఇలాంటి సినిమాలకు హాలు దగ్గర అణాకో అర్ధణాకో అమ్మిన పాటల పుస్తకమూ పత్రికలో వేసిన ప్రకటనా తప్ప వేరే సాక్ష్యం తరచూ మిగలదు. పాటల పుస్తకాలను గ్రంథాలయాలు పుస్తకాల కిందే లెక్కవేయలేదు, అది వేరే బాధ.

ఇక కాగితం సంగతి. చవక పత్రికల కాగితం కర్రను యంత్రంతో నూరిన గుజ్జు. అందులో కర్రలోని లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోతుంది. సిరా పీల్చకుండా గుజ్జులోనే పటికా రాళమూ కలిపేవారు. పటిక తేమకు ఆమ్లంగా మారుతుంది, కాగితం లోపల్నుంచి కాలిపోతుంది. అమెరికాలో ‘ఆర్గసీ’ పత్రిక 1896లో ఈ రకం కాగితానికి మారింది. అక్కడి చవక కథల పత్రికలకు ‘పల్ప్’ అన్న పేరు ఈ గుజ్జు వల్లే వచ్చింది. మన కోస్తా ఉక్కలో ఈ కాగితం ఇంకా తొందరగా చస్తుంది. స్కాన్ చేసే ముందు అక్షరం లేని ఒక మూలను మెల్లగా ముందుకూ వెనక్కూ మడిచి చూడాలి. రెండు మూడు మడతలకే తునిగిపోతే ఆ సంపుటాన్ని గాజుపలక మీద బోర్లించకూడదు. పేజీలు వాటంతటవే లాక్కునే స్కానరుకైతే అసలే పెట్టకూడదు. 90 నుంచి 100 డిగ్రీలు మాత్రమే తెరుచుకునే ‘వి’ ఆకారపు పీఠం మీద ఉంచి, పైనుంచి కెమెరాతో తీయాలి. పల్చని పేజీ వెనక నల్లకాగితం పెడితే అవతలి పక్క అక్షరాలు తేలవు. అసలు రంగూ కొలతా సరిచూసుకోవడానికి మొదటి ఫ్రేములో రంగుల పట్టీ, స్కేలు ఉండాలి.

రంగుల్లో ఎందుకు, నలుపు తెలుపుల్లో చాలదా అని అడుగుతారు. చాలదు. తెలుగులో దకూ ధకూ, పకూ ఫకూ తేడా అడుగున ఉన్న చిన్న గీతే. పసుపెక్కిన కాగితాన్ని ఒట్టి నలుపు తెలుపులుగా మారిస్తే ఆ గీతలు, అరసున్నలు ఎగిరిపోతాయి, మరకలు మాత్రం అక్షరాల్లా నిలబడతాయి. ఖర్చు భయమూ అక్కర్లేదు. ఏడున్నర పది అంగుళాల పేజీని 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కల చొప్పున) రంగుల్లో తీస్తే, కుదించని టిఫ్ ఫైలు 36 ఎంబీ. నూరు పేజీల సంచిక 3.6 జీబీ. నెలకొకటి చొప్పున ఏడాదికి 43 జీబీ. నాలుగు టీబీల డిస్కులో తొంభై ఏళ్ల మాసపత్రిక పడుతుంది. రెండు డిస్కులు కొని రెండో ప్రతిని వేరే ఊళ్లో ఉంచాలి. పాఠకులకు కుదించిన జేపెగ్ ఫైలు ఇస్తే చాలు.

మరమ్మతు పేరుతో జరిగే హానీ తక్కువేం కాదు. వేడి లామినేషన్ చేస్తే ఆమ్లం లోపలే బందీ అవుతుంది, ప్లాస్టిక్కును మళ్లీ ఊడదీయలేం. సెలోటేపు జిగురు పసుపు మరకై మిగులుతుంది. బైండర్లు గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అందులోని రాగి కాగితం క్షీణతను పెంచుతుంది. ఏమీ కలపని గోధుమ గంజి, పల్చని జపాన్ కాగితం చాలు. తుప్పు పట్టిన పిన్నులను గుంజకూడదు. లోపలి వైపు కాళ్లను పల్చని రేకుతో లేపి, బయటి నుంచి తీసి, అవే బెజ్జాల్లోంచి నూలు దారంతో కుట్టాలి.

జాబితా రాసేవారికి ఒక మాట. సంచిక మీద ‘ప్రజోత్పత్తి’ అని తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అది 1931 ఉగాది నుంచి 1932 ఉగాది దాకా. ఆ ఏటి పుష్య, మాఘ సంచికలను 1931 కింద వేస్తే ఏడాది తప్పుతుంది. అరవై ఏళ్లకోసారి పేరు తిరిగొస్తుంది కనుక సంపుటి, సంచిక సంఖ్యలు తప్పకుండా రాయాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో వంకరటింకరగా నమోదై, ఉన్న పుస్తకమే దొరకని దుస్థితి చూశాం కదా.

కాపీరైటు సాకు కూడా నిలవదు. తన దగ్గరున్న ప్రతిని పరిరక్షణ కోసం డిజిటల్‌గా దాచుకోవడానికి లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయానికి కాపీరైటు చట్టపు 2012 సవరణ వీలిచ్చింది. అందరికీ చూపించడం వేరే సంగతి, అక్కడ రచయిత పోయాక హక్కులు నిలిచే అరవై ఏళ్ల లెక్క చూసుకోవాలి.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. ఆ సొమ్ముతో చేసే పనికి పేజీకింత అని కాక, సరిచూసిన సంచికకింత అని చెల్లించండి. పేజీల లెక్కన ఇస్తే గుత్తేదారుకు వేగమే కావాలి, చిరిగిన అట్టను సవరించి తీయడం అతనికి నష్టం. ముందే పేజీలు లెక్కపెట్టి రిజిస్టరులో రాసి, స్కాన్ అయ్యాక ఆ లెక్కతో పోల్చి, లేని పేజీని ‘లేదు’ అని నమోదు చేశాకే బిల్లు. స్కాన్ అయిపోయాయి కదా అని అసలు ప్రతులను తూకానికి వేయొద్దు. ఆమ్లం లేని అట్టపెట్టెల్లో పడుకోబెట్టి, గోడకు దూరంగా ఉంచండి.

ఇట్లు,
పాత పత్రికల పాఠకుడు,
తెనాలి