బక్కోడికి, ఆ షేరు కొనేలోపే చదవమని

ఒరేయ్ బక్కోడా,

ముందు తిట్టేయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది, ఇదిగో ఇప్పుడు రాస్తున్నాను. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది, మెట్లు కూడా దిగుతోంది. పెద్దదానికి పరీక్షలు. ఇల్లు మారలేదు. మిగతావన్నీ కలిసినప్పుడు.

మొన్న నువ్వు ఆ షేరు కొంటానంటూ పంపిన వాయిస్ మెసేజ్ విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. "ఇందులో మ్యూచువల్ ఫండ్ వాళ్ళు ఉన్నార్రా, వాళ్ళు చూడకుండా కొంటారా?" అన్నావు చూడు, జులైలో నేనూ అచ్చంగా ఆ మాటే అనుకున్నాను. జూన్ క్వార్టర్ షేర్‌హోల్డింగ్ పాటర్న్, అదే ఎవరి దగ్గర ఎంత వాటా ఉందో మూడు నెలలకోసారి కంపెనీ పెట్టే జాబితా, తెరిస్తే ఒక చిన్న కంపెనీలో పేరున్న ఫండ్‌కి 4.2 శాతం కనిపించింది. అంతే, 212 చొప్పున నాలుగు వందల షేర్లు కొనేశాను. బాలెన్స్ షీట్ కూడా చదివాన్రా, అప్పు తక్కువే. కానీ ధైర్యం ఇచ్చింది మాత్రం ఆ పేరే.

ఆగస్టులో రేటు మెల్లగా 240కి ఎక్కింది. మామూలుగా రోజుకి తొమ్మిది వేల షేర్లు చేతులు మారేవి, అవి ఇరవై వేలయ్యాయి. జనం కొంటున్నారు కదా అని సంబరపడ్డాను. కొన్నది జనమే, నిజమే. అమ్మేదెవరో నేను అడగలేదు.

సెప్టెంబర్ 17 పొద్దున తొమ్మిదింబావుకి యాప్ తెరిస్తే లోయర్ సర్క్యూట్, అంటే ఆ షేరు ఒకరోజులో పడగలిగే హద్దు, అయిదు శాతం కింద. అమ్మేవాళ్ళ వైపు లక్షా ఎనభై వేల షేర్లు, కొనేవాళ్ళ వైపు సున్నా. నేనూ అమ్మకానికి పెట్టాను, వరసలో ఎక్కడో చివర. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. ఆఫీసులో ఫోను బోర్లా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏడోరోజు 168 దగ్గర సర్క్యూట్ విడింది, మొత్తం అమ్మేశాను. పోయింది పదిహేడు వేల ఆరు వందలు. అమ్మ ఆపరేషన్ నెలలో అది నాకు చిన్న మొత్తం కాదని నీకు తెలుసు.

అక్టోబర్ 20న కొత్త పాటర్న్ వచ్చింది. ఆ ఫండ్ పేరు లేదు. ఒక శాతం దాటితేనే పేరు వేస్తారు కాబట్టి ఎంతో కొంత మిగిలిందేమో అనుకుని, ఆ రాత్రి ఫండ్ సైట్‌లో నెలవారీ జాబితాలు తీశాను. నెల ముగిశాక పది రోజుల్లోపు ప్రతి స్కీమూ ఏ షేరు ఎన్ని ఉందో పెట్టి తీరాలి కదా. జులై చివరికి ఆరు లక్షల ముప్పై వేలు. ఆగస్టు చివరికి నాలుగు లక్షల పది వేలు. సెప్టెంబర్ చివరికి జాబితాలో అసలు ఆ షేరు పేరే లేదు.

అంటే ఒరేయ్, ఆగస్టు లెక్క సెప్టెంబర్ 10కల్లా బయట ఉంది. సర్క్యూట్ మొదలవడానికి వారం ముందు! ఒక్క ఎక్సెల్ ఫైలు తెరిస్తే సరిపోయేది. నా గుండె కలుక్కుమంది అక్కడే, డబ్బు పోయినప్పుడు కాదు.

తర్వాత కాగితం మీద ఇంకో లెక్క వేశాను. ఫండ్ దగ్గర 6,30,000, రోజుకి తిరిగేవి 9,000. ఆ మార్కెట్ మొత్తం వాళ్ళకే వదిలేసినా బయటపడటానికి డెబ్బై రోజులు! కంపెనీ విలువంతా కలిపితే 360 కోట్లు, అందులో వాళ్ళ భాగం పదిహేను కోట్లు. ఇరవై వేల కోట్లు నడిపే ఫండ్‌కి పదిహేను కోట్లు ఏ మూలకి? ఆ షేరుకి మాత్రం అదే సముద్రం. 2024 మార్చి నుంచి చిన్న కంపెనీల షేర్లు కొనే స్మాల్‌క్యాప్ ఫండ్లు సగం పోర్ట్‌ఫోలియో అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో ప్రతి నెలా చెబుతున్నాయి కదా, ఆ వార్త చదివి పేజీ తిప్పేశాను అప్పట్లో.

అలాగని ఫండ్లు లేని కంపెనీయే మంచిదని కాదు. ఒక ఫండ్ హౌస్ అన్ని స్కీములూ కలిపి ఏ కంపెనీలోనూ పది శాతం దాటకూడదు, మరీ చిన్నదాంట్లో ఆ పది శాతం కొన్నా వాళ్ళకి ఆనదు, అందుకే చాలావాటి జోలికి రారు. కొన్నింటిని చూసి, లోపల ఏదో నచ్చక వెళ్ళిపోయి ఉంటారు. రెండింటికీ పాటర్న్‌లో కనిపించేది ఒకే సున్నా. అందుకే ఒక్క క్వార్టర్ కాదు, ఎనిమిది క్వార్టర్లు పక్కపక్కన పెట్టి చూడు.

2009 జనవరి 7 గుర్తుందా, హాస్టల్ టీవీ ముందు? లెక్కల మోసం బయటపడి సత్యం కంప్యూటర్స్ షేరు 179 నుంచి ఒక్కరోజులో 40కి. దేశ విదేశాల ఫండ్లు అందులో లేవా? ప్రమోటర్ల వాటా, అంటే కంపెనీ పెట్టి నడిపేవాళ్ళ వాటా, పది శాతం కూడా లేదు, ఉన్నదీ అప్పుల కోసం తాకట్టులో. ఆ తర్వాతే తాకట్టు వివరాలు బయటపెట్టాలని స్టాక్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ రూల్ తెచ్చింది. ఆ రాత్రి మీ నాన్నగారితో ఎస్టీడీ బూత్‌లో నువ్వు మాట్లాడటం... సరే, అది వద్దులే.

నీ కంపెనీ కూడా చూశాను. రెండు ఫండ్లకీ కలిపి తొమ్మిది లక్షల షేర్లు, రోజుకి నలభై అయిదు వేలు తిరుగుతున్నాయి, బయటపడటానికి ఇరవై రోజులు. నాదానికంటే చాలా నయం. కానీ ప్రమోటర్ల వాటాలో ముప్పై శాతం తాకట్టులో ఉందిరా, పోయిన ఏడాది పన్నెండే. ఎందుకు పెరిగిందో తెలిసేదాకా ఒక్క షేరు కూడా కొనకు. మన హాస్టల్ మెస్‌లో నాలుగో నంబరు బకెట్ మీద ఒట్టు. గరిటె అడుగుదాకా పోనిచ్చి చూడాలని నేర్పింది నువ్వే కదా!

ఇంకోటి, ఆ రెండు ఫండ్లలో ఒకదాని అక్టోబర్ జాబితా వచ్చిందో లేదో చూసి నీకు

ఒరేయ్, కింద స్కూల్ బస్సు హారన్ కొడుతోంది, చిన్నది ఒక్కతే ఉంటుంది. ఇలాగే పంపేస్తున్నాను. రాత్రి ఫోన్ చెయ్, ఎంత లేటైనా సరే.

నీ
పంతులు