నాతో మాట్లాడకుండా నా కంప్లైంట్ ఎలా మూసేశారు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: బ్యాకప్ కోసం కొన్న మీ హార్డ్ డిస్క్ గురించి నేనిచ్చిన కంప్లైంట్, మీరు చేసిన నిర్లక్ష్యం

"మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు" అని నిన్న మీ నుంచి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందండీ? డిస్క్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది, కంప్యూటర్‌కు పెడితే కనిపించదు, తిరిగి ఫోన్ చేస్తామన్న మీవాళ్లలో ఒక్కరూ చేయలేదు. యంత్రమన్నాక పాడవుతుంది, అది నాకూ తెలుసు, దాని మీద నాకు పంతం లేదు. నేను చెప్పేది ఒక్క మనిషి కూడా చివరిదాకా వినకపోవడమే నాకు మండుతోంది.

మాది హన్మకొండ. 2023 జులై వానలకు హంటర్ రోడ్డు వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చినప్పుడు మా చుట్టాలింట్లో కంప్యూటర్ మునిగి, పెళ్లి ఫొటోలతో సహా అన్నీ పోయాయి. మనకూ అట్లా కావద్దని మీ డిస్క్ కొన్నాను. వేరే కంపెనీ వద్దని మీదే కొన్నాను, ఎందుకంటే మా ఇంట్లో పెన్‌డ్రైవ్ దగ్గర్నుంచి ఫోన్‌లో వేసే మెమరీ కార్డుదాకా ఏళ్ల తరబడి మీవే, మా కాలనీలో ఎవరడిగినా మీ పేరే చెప్పేవాణ్ని. పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు, ఇంట్లో ఫొటోలు అన్నీ అందులోకి ఎక్కించాను. మా అమ్మ పాడిన బతుకమ్మ పాటల రికార్డింగులు కూడా. అమ్మ ఇప్పుడు లేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు పాత కంప్యూటర్‌లోని డిస్క్ పోయింది, పోతే పోయింది బ్యాకప్ ఉంది కదా అని ధైర్యంగానే ఉన్నాం. తీరా మీ డిస్క్ పెడితే లైటు వెలుగుతుంది, లోపల టిక్ టిక్ మని చప్పుడు, ఇంకేం లేదు.

ఈ ముక్క చెప్పడానికి మీ నంబర్‌కు ఫోన్ చేస్తే తెలుగు కోసం ఏ బటన్ నొక్కాలో చెప్పి, నొక్కాక హిందీ మాట్లాడే అబ్బాయికి కలిపారు. సరే, వచ్చిన హిందీలోనే చెప్పాను. సీరియల్ నంబర్ చదవమన్నాడు. అది డిస్క్ వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ఫోన్ టార్చ్ వేసి, కళ్లద్దాలు పెట్టుకుని, బీ ఫర్ బాంబే, డీ ఫర్ ఢిల్లీ అనుకుంటూ చదివితే "లైన్‌లో ఉండండి" అని పాట పెట్టాడు. ఆ పాట అయ్యేసరికి ఫోన్ కట్. మళ్లీ చేస్తే వేరే అమ్మాయి, మళ్లీ సీరియల్ నంబర్, మళ్లీ మొదటి నుంచి కథ. మీ దగ్గర కంప్లైంట్ నంబర్ అనేది ఉంటుంది కదా, ముందు మాట్లాడినవాళ్లు అందులో ఏమీ రాయరా?

ఒకాయన "విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది సార్, అందుకే" అన్నాడు. 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినవి మామూలు అప్‌డేట్లు, దానికీ డిస్క్ కనిపించకపోవడానికీ ఏం సంబంధం? మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది, అందులోనూ కనిపించలేదని అప్పటికే చెప్పాను. ఇంకొకావిడ నేను అడగకుండానే 1 టీబీ డిస్క్ 931 జీబీగా ఎందుకు చూపిస్తుందో వివరించింది, కంపెనీ 1000 లెక్కన అమ్ముతుందట, కంప్యూటర్ 1024 లెక్కన కొలుస్తుందట. అమ్మా, నాకు 931 కాదు, ఒక్క జీబీ కూడా కనిపించడం లేదు అంటే "ఇంకేమైనా సహాయం కావాలా సార్" అంది.

అన్నిటికంటే ఘోరం ఫార్మాట్ చేయమనడం, అంటే ఉన్నదంతా తుడిచేయమనడం. డిస్క్‌లో ఉన్నవి కాపాడమని నేను మొత్తుకుంటుంటే ఫార్మాట్ చేసి చూడండి అంటారా! అదీ కాకపోతే కేబుల్ మార్చండి, నీలం రంగు పోర్టులో పెట్టండి, తీసి మళ్లీ పెట్టండి. మీరు చెప్పినట్టే పెట్టాను, తీశాను, పెట్టాను. తర్వాత చౌరస్తా దగ్గర రిపేర్ షాపు తమ్ముడు ఆ చప్పుడు వినగానే "అన్నా, ఇగ దీనికి కరెంట్ పెట్టకు, లోపల ప్లేటు మీద చదివే హెడ్ పోతున్నట్టుంది, తిప్పినాకొద్దీ ప్లేటు గీరుకపోతది" అన్నాడు. చిన్న షాపులో కూర్చున్న పిల్లాడికి ఒక్క చప్పుడుతో అర్థమైంది. టిక్ టిక్ అంటోందని మీ ప్రతి ఏజెంటుకూ చెప్పాను, ఒక్కరైనా ఆపేయమన్నారా?

ఇక్కడి మీ సర్వీస్ సెంటర్‌కు పోతే మేం తీసుకోం, హైదరాబాద్ పోవాలన్నారు. కాజీపేటలో రైలెక్కి 130 కిలోమీటర్లు పోయాను. అక్కడ కౌంటర్‌లో ఉన్నతను నా మొహం కూడా చూడకుండా వారంటీ ఉంది, వేరే డిస్క్ ఇస్తాం, పాతది మాకిచ్చేయాలి అన్నాడు. అందులో ఉన్న డేటా? "అది వారంటీలో రాదు." పోనీ బయట తీయించుకుంటాను అంటే మూత విప్పితే వారంటీ పోతుందట. అంటే ఖాళీ డిస్క్ తీసుకుని మా అమ్మ గొంతు మీ గోదాంలో పడేసి పోవాలి, లేదంటే డబ్బులు పెట్టి కొన్న వారంటీ వదులుకోవాలి. మీ మేనేజర్‌తో మాట్లాడిస్తారా అని అడిగితే మీటింగ్‌లో ఉన్నారన్నారు, నంబర్ రాసుకున్నారు, పిలుస్తామన్నారు. పిలవలేదు, కంప్లైంట్ మాత్రం మూసేశారు.

డేటా గ్యారంటీ ఇవ్వలేమని మీరనొచ్చు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ డిస్క్ నా దగ్గరే ఉండనివ్వండి, నేను బయట డేటా తీయించుకున్నా వారంటీ చెల్లుతుందని కాగితం మీద రాసివ్వండి, లేదా మీరే చేయించండి. ఏదో ఒకటి, పేరున్న మనిషి సంతకంతో, నాకు అర్థమయ్యే తెలుగులో. మెషీన్ పంపే మెసేజ్ ఇంకోటి వస్తే నేను జవాబివ్వను.

ఇప్పటికైనా స్పందించకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చెప్తాను, అక్కడితో ఆగను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తానుండే చోటే కేసు వేయొచ్చు, కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. సేవా లోపమని హన్మకొండలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. ఈసారి రైలెక్కి రావాల్సింది మీరే.

బిల్లు కాపీ, మీ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జత చేశాను. సీరియల్ నంబర్ బిల్లు మీదే ఉంది, ఫోన్ చేసి మళ్లీ అడగొద్దు.

ఇట్లు,
ఇన్నేళ్లూ మీ పేరు చెప్పి పదిమందితో కొనిపించిన కస్టమర్,
హన్మకొండ