నింద నటి ఒక్కతే మోయాలా?

సంపాదకులకు నమస్కారం.

శృంగారం ప్రధానంగా తీసిన హాలీవుడ్ చిత్రం బోల్తా కొట్టినప్పుడల్లా, హద్దు మీరారు కాబట్టి ప్రేక్షకులు తిప్పికొట్టారనే మాట మన సినిమా పేజీల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ చిత్రాల చరిత్ర చూస్తే ఈ తీర్పు నిలవదు. అంతకన్నా బాధ కలిగించేది, ఆ పరాజయాన్ని తెరమీద కనిపించిన నటి నెత్తిన రుద్దడం, అక్కడి వెటకారాన్ని మనవాళ్లు కూడా యథాతథంగా అచ్చువేయడం.

1992లో పాల్ వెర్‌హోవెన్ దర్శకత్వంలో, జో ఎస్టర్‌హాస్ రచనతో వచ్చిన ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ ప్రపంచమంతటా కలిపి 35 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 1995లో అదే దర్శకుడు, అదే రచయిత కలిసి చేసిన ‘షోగర్ల్స్’కు సుమారు నాలుగున్నర కోట్ల డాలర్లు ఖర్చయితే, అమెరికా థియేటర్ల నుంచి వచ్చింది దాదాపు రెండు కోట్లే. మూడేళ్లలో అక్కడి జనం నీతి మారిపోయిందనుకోవాలా? మారింది సర్టిఫికెట్. మొదటి చిత్రానికి కొన్ని దృశ్యాలు కత్తిరించి, పెద్దల వెంట పిల్లలూ వెళ్లగలిగే ‘ఆర్’ తెచ్చుకున్నారు. రెండోదాన్ని 1990లో పుట్టిన ‘ఎన్‌సీ-17’తోనే వదిలారు. ఆ ముద్ర పడితే పెద్దలు వెంట ఉన్నా పిల్లలను లోనికి రానివ్వరు. అంతటితో పోయేది కాదు. అలాంటి చిత్రాల ప్రకటనలు అచ్చువేయడానికి చాలా పత్రికలు ఒప్పుకోలేదు, కొన్ని థియేటర్ సంస్థలు తెరలివ్వలేదు, బ్లాక్‌బస్టర్ వంటి పెద్ద వీడియో సంస్థ ఆ క్యాసెట్లు అద్దెకు పెట్టలేదు. మన దగ్గర ‘ఏ’ సర్టిఫికెట్ చిత్రానికి కూడా పేపర్లో ప్రకటన వస్తుంది కాబట్టి, అక్కడ ఆ ముద్ర ఎంత నష్టమో మనకు వెంటనే తట్టదు.

అయినా ‘షోగర్ల్స్’ వెయ్యికి పైగా థియేటర్లలో విడుదలైంది, కనుక నేరమంతా సర్టిఫికెట్‌దే అనను. సంభాషణలు మొరటుగా ఉన్నాయి, కథ చాలాచోట్ల అతుకులబొంతలా ఉంది. పైగా నిషిద్ధ ఫలమన్నట్టు ప్రచారం చేసి అమ్మారు. కవ్వింపు కోసం వచ్చినవారికి లాస్ వెగాస్ నృత్యశాలల్లో అమ్మాయిలను వాడుకునే కటువైన కథ ఎదురైంది. ఆ తర్వాత అదే చిత్రం వీడియోగా బాగా అమ్ముడుపోయింది. నలుగురి కళ్లముందు టికెట్ కొనడానికి మొహమాటపడిన ప్రేక్షకుడు ఇంట్లో కూర్చుని చూశాడంటే, అతను తిప్పికొట్టింది చిత్రాన్నని ఎలా అనగలం?

ఇక వెక్కిరింత సంగతి. ఏటా చెత్త చిత్రాలకిచ్చే ‘రాజీ’ (Razzie) పురస్కారాల్లో ‘షోగర్ల్స్’కు 13 నామినేషన్లు, 7 పురస్కారాలు దక్కాయి. వెర్‌హోవెన్ స్వయంగా వేదికెక్కి తన బహుమతి అందుకుంటే ఎంత పెద్ద మనసని మెచ్చుకున్నారు. ఆ తర్వాత 1997లో, 2000లో భారీ చిత్రాలు చేశాడు. కథానాయిక ఎలిజబెత్ బెర్క్‌లీకి మాత్రం చెత్త నటి, చెత్త కొత్త తార అనే రెండు బిరుదులు మిగిలాయి. టీవీలో టీనేజి పాత్రతో పేరు తెచ్చుకుని, ఇరవై రెండేళ్ల వయసులో తొలి పెద్ద అవకాశంగా ఈ పాత్ర చేసిన ఆమెను సొంత ఏజెంటే వదిలేశారు. ఆ అతి నటన తానే అడిగి చేయించుకున్నానని దర్శకుడు చెప్పేసరికి ఏళ్లు గడిచిపోయాయి. అప్పటికి ఆమె పోగొట్టుకున్నది ఎవరు తిరిగి ఇవ్వగలరు?

2006లో ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ రెండో భాగం పోయినప్పుడు కూడా చెత్త నటి పురస్కారం దాని కథానాయిక షారన్ స్టోన్‌కే ఇచ్చారు. సరే, అవి ఆడని చిత్రాలు కాబట్టి వెక్కిరించారంటారా, 2015లో ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’ నాలుగు కోట్ల డాలర్ల ఖర్చు మీద 55 కోట్లకు పైగా రాబట్టినా అయిదు ‘రాజీ’ పురస్కారాలు తప్పలేదు. శృంగార చిత్రాన్ని మెచ్చుకుంటే తమ గౌరవం తగ్గుతుందన్న భయం విమర్శకుల్లో ఉందని, ఎగతాళి చేయడం వాళ్లకు క్షేమమైన దారి అయిందని నా నమ్మకం.

చిత్రం బాగాలేకపోతే నిర్మొహమాటంగా రాయండి, అది పత్రిక పని. అయితే ఇలాంటి చిత్రం గురించి రాసేటప్పుడు దర్శకుడు, రచయిత, నిర్మాత పేర్లు శీర్షికలోనో మొదటి పేరాలోనో ఉండాలని, ఏ సర్టిఫికెట్‌తో ఎన్ని థియేటర్లలో విడుదలైందో చెప్పాలని, నటి శరీరం మీద వ్యాఖ్యలను ఏ విదేశీ వార్త నుంచీ తర్జుమా చేయవద్దని మీ సినిమా విభాగానికి సూచించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ