వెబ్ ఆప్షన్ల పేజీలోనే అసలు లెక్కలు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకులు వెలువడిన నాటి నుంచి, కాలేజీలను ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్ల గడువు ముగిసే దాకా, ఇంజినీరింగ్‌లో చేరబోయే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. ఖర్చు, కాలేజీకున్న పేరు, రేపటి ఉద్యోగం అనే మూడింటినీ చూసుకుని నిర్ణయించుకోవాలని చదువు రాని తల్లిదండ్రులకు కూడా తెలుసు. అయితే ఈ మూడింటి గురించీ వారి చేతికి అందుతున్న అంకెలు నిర్ణయానికి పనికొచ్చేవి కావు. ఖర్చు అడిగితే మొదటి సంవత్సరం ట్యూషన్ ఫీజు చెబుతారు, పేరు అడిగితే హోర్డింగు చూపిస్తారు, ఉద్యోగాల సంగతి అడిగితే ఏదో ఒక విద్యార్థికి దక్కిన అత్యధిక ప్యాకేజీ చెబుతారు. నిజంగా పనికొచ్చే అంకెలు లేకపోలేదు. వాటిలో చాలావాటిని కాలేజీలే ఏటా కేంద్ర ప్రభుత్వానికి రాతపూర్వకంగా సమర్పిస్తున్నాయి. వాటిని వెలికి తీసి, కాలేజీ కోడ్ పక్కనే, తెలుగులో, ఆప్షన్ పెట్టుకునే ముందే కనిపించేలా చేయాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

జూనియర్ కళాశాలలో గణితం చెప్పి పదవీ విరమణ చేసిన వాణ్ని కావడం వల్ల ఈ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల వారు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. ఈసారి నర్సంపేట వైపు నుంచి ఒక మిర్చి రైతు కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయి ర్యాంకు ఇరవై వేలు దాటింది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్‌లో సీటు ఇస్తామని, ఫలానా తేదీ లోపు అడ్వాన్సు కడితే ఫీజులో రాయితీ ఉంటుందని ఉత్తరం పంపింది. ఆ తేదీ కౌన్సెలింగ్ మొదలు కావడానికి ముందే ముగుస్తుంది. అమ్మాయికేమో మన ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌లో అసిస్టెంట్ ఇంజినీరు కావాలని ఉంది, అందుకు ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) చదవాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కాలేజీలో ఆ బ్రాంచి తన ర్యాంకుకు వచ్చే అవకాశం కూడా ఉంది. తండ్రి మాత్రం, ‘కంప్యూటర్స్ కాకుంటే ఉద్యోగం రాదంటున్నారు సార్, రెండెకరాలు కుదువ పెట్టయినా కడతాను’ అన్నారు.

వారి ముందే కాగితం మీద లెక్క వేశాం. ట్యూషన్ ఏడాదికి రెండు లక్షల డెబ్బై అయిదు వేలు, హాస్టలు, మెస్సు, పరీక్ష ఫీజులు, రాకపోకలు కలిపి మరో లక్షా పాతిక వేలు, అంటే నాలుగేళ్లకు 16 లక్షలు. అందులో 10 లక్షలు బ్యాంకు రుణం అనుకుందాం. ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున 10 శాతం వడ్డీకి తీసుకుంటే, చదువు పూర్తయ్యాక ఒక ఏడాది విరామం ముగిసేసరికి బారువడ్డీయే మూడున్నర లక్షలవుతుంది. ఆ పదమూడున్నర లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 17,800 రూపాయలు కట్టాలి. మూడున్నర లక్షల ప్యాకేజీతో ఐటీ సర్వీసుల కంపెనీలో చేరిన కొత్త ఉద్యోగి చేతికి నెలకు పాతిక వేలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. హైదరాబాద్‌లో గది అద్దె, తిండి ఖర్చులు పోగా ఆ వాయిదా కట్టేది మళ్లీ ఆ మిర్చి పంటే. ఈ లెక్క వేయడానికి అరగంట కూడా పట్టదు. కానీ సీటు ఇస్తామని ఫోన్ చేసే వారెవరూ దీన్ని వేసి చూపించరు.

ఖర్చు విషయంలో మన కుటుంబాలను ఎక్కువగా దెబ్బతీస్తున్నది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఉన్న అస్పష్టత. తెలంగాణలో ఆదాయ పరిమితికి లోబడి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీలలో 10 వేల లోపు ర్యాంకు వారికి పూర్తి ఫీజు, ఆ పైన ర్యాంకు వచ్చిన వారిలో ఎక్కువమందికి గరిష్ఠంగా 35 వేలు మాత్రమే అందుతుంది. అది కూడా కౌన్సెలింగ్ ద్వారా వచ్చే కన్వీనర్ కోటా సీటుకే. ప్రైవేటు కాలేజీల్లో 30 శాతంగా ఉన్న మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఒక్క రూపాయి కూడా రాదు. 2022-25 మూడేళ్ల బ్లాక్ పీరియడ్‌కు ఫీజుల నియంత్రణ కమిటీ ఖరారు చేసిన ఫీజులు 45 వేల నుంచి మొదలై కొన్ని కాలేజీల్లో లక్షన్నర దాటాయి. ఫీజు లక్షా ఇరవై వేలున్న కాలేజీలో 15 వేల ర్యాంకుతో కన్వీనర్ సీటు వచ్చిన బీసీ విద్యార్థి తండ్రి, ‘గవర్నమెంటే కడుతుంది’ అన్న నమ్మకంతో చేర్చి, ఏటా 85 వేలు తానే కట్టాలని తర్వాత తెలుసుకుంటున్నాడు. ప్రభుత్వం భరించే సొమ్ము కూడా సకాలంలో రాక, బకాయిలు పేరుకుపోయి యాజమాన్యాలు బంద్‌కు దిగిన సంగతి పాఠకులకు తెలిసిందే. కోర్సు పూర్తయ్యాక ఫీజు బకాయి పేరుతో సర్టిఫికెట్ల కోసం తిరగాల్సి వచ్చేది విద్యార్థే.

దీనికి పూర్తి భిన్నమైన పొరపాటు కూడా జరుగుతోంది. మన వరంగల్ ఎన్‌ఐటీ లాంటి సంస్థలో ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా పాతిక వేలని విని భయపడేవారున్నారు. ఎన్‌ఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. కుటుంబ వార్షికాదాయం లక్ష లోపు ఉన్నవారికీ అంతే, లక్ష నుంచి అయిదు లక్షల వరకు ఉన్నవారికి మూడింట రెండు వంతులు మాఫీ. అంటే నాలుగు లక్షల ఆదాయమున్న కుటుంబం కట్టాల్సిన ట్యూషన్ ఫీజు ఏడాదికి 42 వేల లోపే. దేశంలో పేరున్న సంస్థ, ఊరి పక్కనున్న సాధారణ ప్రైవేటు కాలేజీ కంటే చౌకగా అందుబాటులో ఉందని తెలియక ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్ వైపు చూడని కుటుంబాలను నేను ఎరుగుదును. రుణాల విషయంలోనూ అంతే. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద హామీ, తనఖా లేకుండా రుణం ఇస్తారు, ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. కానీ అది విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపికైన సంస్థలకే వర్తిస్తుంది. చేరబోయే కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి.

ఇక పేరు సంగతి. పేరును తేలిగ్గా తీసిపారేయాలని నేను అనను. 1918లో మొదలైన ఉస్మానియా, 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి వాటి పట్టాకు గౌరవం ఉంది, పూర్వ విద్యార్థుల అండ ఉంది. అయినా అక్కడ కూడా అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి, పాఠాలు కాంట్రాక్టు అధ్యాపకుల భుజాల మీద నడుస్తున్నాయి. మనకు కావలసింది మొత్తం సంస్థ పేరు కాదు, మనం చేరే బ్రాంచి ఎలా ఉందన్నది. నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థలు రెండున్నాయి: న్యాక్ గ్రేడు సంస్థ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇచ్చేది. రెండు బ్యాచ్‌లైనా బయటకు రాని కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు రాదు. అందువల్ల ప్రవేశద్వారం మీద ‘ఏ ప్లస్ ప్లస్’ అని రాసి ఉన్న కాలేజీలోనే, కృత్రిమ మేధ పేరుతో నిన్న మొన్న మొదలైన కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు లేకపోవచ్చు. ఈ తేడాను కరపత్రంలో ఎవరూ వివరించరు.

అన్నిటికంటే విలువైన సమాచారం మాత్రం ఎవరూ చూడని చోట ఉంది. 2016 నుంచి ర్యాంకులు ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొనే ప్రతి సంస్థా ఏటా ఒక పట్టిక సమర్పించి, దాన్ని తన వెబ్‌సైట్‌లో ఉంచాలి. నాలుగేళ్ల కోర్సులో మొదటి ఏడాది ఎంతమంది చేరారు, వారిలో గడువులోగా ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యస్థ వేతనం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు అన్నవన్నీ అందులో ఒకే వరుసలో ఉంటాయి. ఉద్యోగం వచ్చిన వారందరి జీతాలనూ చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే సరిగ్గా నడుమ నిలిచేది మధ్యస్థ వేతనం. ఒకరికి యాభై లక్షలు వచ్చినా అది కదలదు, అందుకే దాన్ని ఏ ప్రకటనలోనూ వేయరు. ఉదాహరణకు 600 మంది చేరిన చోట 400 మందే సకాలంలో గట్టెక్కి, వారిలో 220 మందికి ఉద్యోగాలు వస్తే, ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న మాటకు అర్థమేమిటో ఎవరికి వారే చెప్పుకోవచ్చు. ఈ పట్టికలోని అంకెలు సంస్థలు తాముగా ఇచ్చేవే కాబట్టి పూర్తిగా నమ్మమని నేను చెప్పను. కానీ సంతకం పెట్టి ప్రభుత్వానికి ఇచ్చిన అంకె, ఫోన్‌లో ఏజెంటు చెప్పిన అంకె కంటే తప్పక మేలు.

లక్ష్యాన్ని బట్టి ఈ మూడింటి బరువూ మారుతుందన్నది మన ఇళ్లలో చర్చకే రావడం లేదు. ట్రాన్స్‌కో, డిస్కం, నీటిపారుదల శాఖ వంటి వాటిలో ఇంజినీరు పోస్టులకు సంబంధిత బ్రాంచిలో పట్టా ఉండాలి, ఆ పైన పోటీ పరీక్షే నిర్ణయిస్తుంది. కాలేజీ హోర్డింగుకు అక్కడ ఒక్క మార్కు కూడా రాదు. గేట్ రాసి ఐఐటీలో ఎంటెక్ చేయాలనుకునే వారికీ, గ్రూప్స్, సివిల్స్ వైపు వెళ్లాలనుకునే వారికీ తక్కువ ఖర్చుతో, చదువుకోవడానికి సమయం మిగిలే కాలేజీ మేలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే కావాలనుకునే పిల్లలకు క్యాంపస్‌కు ఏ కంపెనీలు వస్తున్నాయన్నది ముఖ్యం, అక్కడ కొంత ఎక్కువ ఫీజు పెట్టడంలో అర్థముంది. విదేశాల్లో పైచదువుల ఆలోచన ఉంటే, బీటెక్‌కే ఆస్తి కరిగించకుండా ఆ డబ్బును అప్పటికి దాచుకోవడం వివేకం. అందరికీ ఒకే సమాధానమన్నట్టు కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకుంటూ, సివిల్, మెకానికల్ విభాగాలను మూసుకుంటూ పోవడం వల్ల, వేరే లక్ష్యమున్న పిల్లలకు దగ్గరలో మంచి కాలేజీ లేకుండా పోతోంది. ఇది నన్ను ఎంతో బాధిస్తున్న విషయం.

కాబట్టి ఉభయ తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకూ, సాంకేతిక విద్యాశాఖలకూ నా విన్నపం ఇది. వెబ్ ఆప్షన్ల పేజీలో కాలేజీ, బ్రాంచి కోడ్ నొక్కగానే నాలుగేళ్ల మొత్తం ఫీజు, అందులో ఆ విద్యార్థి వర్గానికీ ర్యాంకుకూ ప్రభుత్వం భరించేది ఎంత, కుటుంబం కట్టాల్సింది ఎంత అన్నది కనిపించాలి. విద్యార్థి ర్యాంకు, కులం, ఆదాయ ధ్రువపత్రం వివరాలు అప్పటికే వారి కంప్యూటర్‌లో ఉంటాయి కనుక ఇది అసాధ్యమైన పని కాదు. దాని కిందనే బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా, రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు, గత మూడు బ్యాచ్‌లలో సకాలంలో ఉత్తీర్ణులైన వారు, ఉద్యోగాలు పొందిన వారు, మధ్యస్థ వేతనం ఇవ్వాలి. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొనని కాలేజీల నుంచి అనుబంధ గుర్తింపు ఇచ్చే సమయంలోనే ఈ వివరాలు తీసుకోవాలి. ధ్రువపత్రాల పరిశీలనకు వెళ్లే హెల్ప్‌లైన్ కేంద్రాల్లో వీటిని చదివి వివరించడానికి ఒక్కొక్క అధ్యాపకుణ్ని కూర్చోబెట్టాలి.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కౌన్సెలింగ్‌కు ముందే అడ్వాన్సులు వసూలు చేసే పద్ధతికి కూడా కళ్లెం వేయాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని, సీటు వదులుకున్న తేదీని బట్టి ఫీజు తిరిగి ఇవ్వాలని యూజీసీ 2018లోనే స్పష్టంగా ఆదేశించింది. ఆ ఆదేశాన్ని తెలుగులో ప్రతి ప్రవేశ దరఖాస్తు మీదా ముద్రించాలని, అమలు చేయని సంస్థ మీద ఫిర్యాదు చేయడానికి జిల్లా స్థాయిలో ఒక అధికారిని నియమించాలని కోరుతున్నాను. మీ పత్రిక విద్యా పేజీ కూడా కౌన్సెలింగ్ తొలి విడతకు వారం ముందే జిల్లాల వారీగా ఈ పట్టికలను ప్రచురించి, అత్యధిక ప్యాకేజీ వార్త వేసిన ప్రతిచోటా ఆ కాలేజీ మధ్యస్థ వేతనాన్ని కూడా పక్కనే ఇవ్వగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
హనుమకొండ