మావాళ్లకు 'మందుకి' డబ్బులివ్వకండి

ఇల్లు మారేటప్పుడు మమ్మల్ని పిలిచినవాళ్లకూ, పిలవబోయేవాళ్లకూ ఒక విషయం. ఒకటో తారీఖు నుంచి మా దగ్గర పనిచేసే 11 మందికీ కొత్త రూల్ పెట్టాం. మందు, కల్లు, గంజాయి, ఏదైనా సరే, ఒంట్లో ఉండగా బండి ఎక్కకూడదు, సామాను ముట్టకూడదు. నాకూ అదే రూల్.

మే నెలలో కూకట్‌పల్లిలో మూడో అంతస్తు నుంచి బీరువా దింపుతుంటే కింద పట్టుకున్న మావాడు మెట్టు తప్పాడు. అద్దం పగిలింది, వాడి బొటనవేలు నలిగింది. అద్దం డబ్బులు నేను కట్టాను, వేలు మాత్రం ఇప్పటికీ సరిగ్గా వంగదు. పొద్దున తాగలేదని ఒట్టేశాడు, నిజమే, తాగింది రాత్రి పదకొండున్నరకు. క్వార్టర్ విస్కీ పూర్తిగా దిగడానికి ఏడెనిమిది గంటలు పడుతుందని డాక్టర్ చెప్పేదాకా నాకూ తెలియదు, మా లోడింగేమో ఆరింటికే మొదలు.

ఇప్పుడు రోజూ గోడౌన్ దగ్గర అందరూ మిషన్‌లో ఊదాలి. మొదటి రోజు ఒకడు "అన్నా, పోలీసోడివైపోయినవ్" అన్నాడు. డ్రైవర్‌కి చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దాకా ఊరుకుంటుంది, దాటితే మొదటిసారే 10 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. మా దగ్గర మాత్రం సున్నా రావాలి. రాకపోతే ఆ రోజు పనీ లేదు, కూలీ లేదు. గంజాయికి ఈ మిషన్ పనికిరాదు, మూత్ర పరీక్షేమో వారం కిందట పీల్చినా చూపించొచ్చు, ఇప్పుడు మత్తులో ఉన్నాడా అంటే చెప్పదు. అనుమానమొస్తే తాళాలు తీసుకుని ఇంటికి పంపించేస్తాను, అంతే.

ఇందులో నేనొక తప్పు చేశాను. కల్లు అలవాటున్న పెద్దాయనకి "రేపట్నుంచి బంద్" అని గట్టిగా చెప్పాను, ఆయన నిజంగానే మానేశాడు. రెండో రోజుకి చాయ్ గ్లాసు నోటిదాకా పోవడం లేదు, సగం చొక్కా మీదే, మాటలకు పొంతన లేదు. మన దగ్గర కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తు మాత్రలు కలుపుతారు, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా వస్తాయి. ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లాం, మందులతో మెల్లగా మాన్పిస్తున్నారు. అప్పటిదాకా సగం కూలీ నేనిస్తున్నా, అందరికీ ఇవ్వగలనా అంటే ఇవ్వలేను. కానీ అలవాటుందని ముందే చెప్పుకున్నవాడి పని మాత్రం పోదు. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 గోడ మీద రాయించాం.

ఇక మీతో పని. సామాను దించాక "మందుకి ఉంచుకో" అని ఐదొందలు చేతిలో పెడతారు, ప్రేమతోనే. ఒకాయనైతే పాలు పొంగించగానే సీసానే తీసిచ్చాడు! టిప్ ఇవ్వండి, ఫోన్‌పే చేయండి, భోజనం పెట్టండి, సీసా వద్దు.

ఆరింటి స్లాట్ ఇకనుంచి ఆరున్నర. మనిషి తగ్గితే పొద్దున్నే ఫోన్ చేస్తాను, డేట్ మార్చుకోవచ్చు, లేదంటే అడ్వాన్స్ వాపస్. రేటు పెంచలేదు, ప్రస్తుతానికి. మీ ఇంట్లో మావాళ్లెవరి దగ్గరైనా వాసనొస్తే వాళ్లతో గొడవ పడకండి, బిల్లు మీదున్న నంబరు నాదే, నేనే వస్తాను.